ఫూసిపై తండ్రి హక్కు, మేనత్త సంతకం

కుటుంబ న్యాయస్థానం రిజిస్ట్రారు గారి సముఖమునకు, ఆక్లాండ్.

అయ్యా,

విషయం: నా తమ్ముడు మనాసేకు అతని కుమార్తె ఫూసిపై గల తండ్రి హక్కును రద్దు చేయుట గురించి.

మాంగెరేలో నివసించు టోంగా దీవుల స్త్రీని, చర్చిలో ఆదివారపు వంట చూచుకొను లేసియెలిని, వ్రాసుకొను మనవి.

1. మనాసే, అతని భార్య కలోలైనే విడాకులు తీసుకొనునాటికి ఫూసి ఇంకా పాకుతున్నది. అతడు పెర్త్ దగ్గర గనుల్లో పనికి వెళ్ళి అక్కడే నిలిచిపోయాడు. పిల్లను చూడటానికి ఒక్కసారీ రాలేదు. ఇప్పుడు ఫూసి ‘నాన్నా’ అని పిలిచేది తల్లి రెండవ భర్త సియోసాయాను.

2. కలోలైనేకు మూత్రపిండాలు రెండూ పాడైనవి. రోజు విడిచి రోజు ఆసుపత్రిలో రక్తశుద్ధి చేయించుకుంటున్నది. ఆమెకు ఏదైనా జరిగితే పిల్ల విషయంలో నిర్ణయాలన్నీ మనాసే చేతికే పోతాయని వకీలుగారు చెప్పారు. అలా జరగకుండా సియోసాయా దత్తత తీసుకోదలచాడు. దానికి మనాసే అంగీకారం కావలెను.

3. అంగీకార పత్రం మీద నేను సంతకం చేసితిని. ఇందులో మోసం లేదు. మాలో తమ్ముడి కంటే అక్క ఎక్కువ. అతని పిల్లల విషయంలో మేనత్త మాటకు ఎదురు లేదు. ఫూసి పుట్టినరోజుకు కేకు మొత్తం మేనత్త మర్యాదగా నా ఇంటికే వస్తుంది. కాని తమ కౌంటరులోని మా టోంగా అమ్మాయి పత్రం తిరిగి ఇచ్చింది.

“పెద్దమ్మా, మన విందుల్లో అయితే మీ ముందు నేను నేల మీద కూర్చుంటాను. ఇక్కడ మీ సంతకం చెల్లదు.”

“పిల్లకి మేనత్తనమ్మా.”

“తెలుసు పెద్దమ్మా. చట్టానికే తెలీదు.”

4. మాలో అక్కాతమ్ముళ్ళు ఇటువంటి సంగతులు నేరుగా మాట్లాడుకోరు. అయినను మనాసేకు ఫోను చేసితిని.

“నువ్వు సంతకం పెట్టేశావుగా అక్కా. ఇంకేం కావాలి వాళ్ళకి?”

“నీ సంతకం కావాలంట.”

“నీదాని మీద నాది పెడితే అక్క మాట చాల్లేదని చాటినట్టు కాదూ? నా వల్ల కాదు.”

“ఇది మర్యాదా, తప్పించుకోవడమా, మనాసే?”

ఫోను పెట్టేశాడు. మళ్ళీ ఎత్తలేదు. ఆసుపత్రి నుంచి ఫోను మోగితే చాలు, చేతిలో పని వదిలి పరుగెత్తుతున్నాను. ప్రార్థనకు మోకరిస్తే సగంలోనే లేచి వీధి వైపు చూస్తున్నాను. దేవుడు ఆగుతాడు, కలోలైనే ఒళ్ళు ఆగదు.

కావున మనాసేను బిడ్డను విడిచిన తండ్రిగా ఎంచి, అతని అంగీకారముతో పని లేకుండా హక్కు రద్దు చేయవలెను. దత్తత అయితే తండ్రి వైపు చుట్టరికమంతా చట్టరీత్యా పోతుందని, నేనూ ఫూసికి ఏమీ కానని వకీలుగారు హెచ్చరించారు. అయినా తెలిసే అడుగుతున్నాను. తమ్ముడితో పాటు నన్నూ కొట్టివేయండి.

కలోలైనే కళ్ళారా చూచుకొనునట్లు వెంటనే ఉత్తరువు దయచేయుటకు చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
లేసియెలి

తా.క.: ఇది వ్రాస్తుండగా ఫూసి నా భుజం మీదుగా చదివేసింది. “కాగితం వచ్చాక నిన్నేమని పిలవాలత్తా?” అని అడిగింది. “అత్తా అనే పిలువు.” “కోర్టువాళ్ళు వింటే?” “విననీ. ఇంకా గట్టిగా పిలువు” అన్నాను. ఇందుకు మాత్రం తమ అనుమతి కోరుట లేదు.