అన్నకు తగ్గించిన నెయ్యి

బాపూ,

నువ్వు పోయి రెండేండ్లయింది. ఇవ్వాళ ఎల్లారెడ్డి జాతరల అన్న కుస్తీ పట్టిండు.

నీ తర్వాత కామారెడ్డి కుస్తీ తాలీంల పహిల్వాన్లందరూ "మీ బాపులెక్క ఒళ్లు పెంచు" అని అన్నకు నెయ్యి, బాదం తెగ తినిపించిండ్రు. కండ పెరిగింది, దమ్ము తగ్గింది. నాలుగు మాటలకోసారి ఆగి ఊపిరి తీసేటోడు, నువ్వు చివరి నెలల్లో తీసినట్టే. భయమై నెయ్యి సగం చేసిన, రోజూ పొద్దున స్టేషన్ దాకా ఉరికించిన. "కాలేజీ చదివి నాకే ఉస్తాదువైనవా?" అని కసిరేటోడు.

ఇవ్వాళ ఎదుటి పహిల్వాన్ అన్నకంటే చాలా బరువు. పెనుగులాడి పెనుగులాడి ఆయనే ఆయాసపడ్డడు. అప్పుడు అన్న ఎత్తి పడేసిండు. అందరూ చప్పట్లు కొడుతుంటే నేను అన్న ఛాతీనే చూస్తున్న.

ఒంటి మట్టితోనే నా దగ్గరికొచ్చిండు. "ఆకలైతుందే చెల్లె, ఇయ్యాలన్నా అన్నంల నిండుగ నెయ్యి పోస్తవా లేదా?"

మాట మధ్యలో ఎక్కడా ఆగలేదు, బాపూ.