మామయ్య మాట నేనే చెప్పాను

అత్తమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. చర్చిలో ఫాదర్‌తో నీ పేరున పూజ చెప్పించాల్సిన రోజున అందరం జనగామ దవాఖానలో ఉన్నాం. మామయ్యకు స్పృహ లేదు. ఊపిరితిత్తులు ఇక బాగుపడవని, ఊపిరి మిషన్ పెడితే ప్రాణం కొన్నాళ్లు సాగుతుందేమోనని డాక్టర్ అన్నాడు.

"పెట్టకుంటె మనమే సంపినట్టు. రేపు దేవునికేం జెప్తం?" అన్నాడు పెద్దబావ.

బావ ముందు నేనెన్నడూ నోరెత్తలేదని నీకు తెలుసు. కానీ మొన్నొకనాడు గంజి పోస్తుంటే మామయ్య నాతో, "నాకు మిషన్లు పెట్టనియ్యకు బిడ్డా. ఫాదర్‌ను పిలిస్తె సాలు" అన్నాడు. ఇవాళ ఆ మాట బావకు చెప్పేశాను.

"కొడుకులకు జెప్పంది నీకు జెప్పిండా?" అన్నాడు బావ.

చివరి ప్రార్థన చేస్తూ మామయ్య నుదుటికి నూనె రాస్తున్న ఫాదర్ తలెత్తారు. "సంపుడు పాపం నాయినా. ఇగ బాగుపడడన్నప్పుడు భారమైన వైద్యం వద్దనుడు పాపం గాదు. నీళ్లు, నొప్పికి మందు మాత్రం ఆపొద్దు."

బావ లేచి వెళ్లి డాక్టర్‌తో మిషన్ వద్దన్నాడు.

ఇప్పుడు తడిగుడ్డతో మామయ్య పెదాలు తడుపుతున్నాను. ఊపిరి ఆగి ఆగి వస్తోంది. ఆగిన ప్రతిసారీ బావ నా వైపే చూస్తున్నాడు.