చూరు కింద గాలి కన్నాలు

ఆర్విడ్,

ఆసుపత్రి డ్యూటీకి వెళ్తున్నా. మన మంచం మీద గిన్నె పెట్టింది నేనే, కదపకు. సీలింగులోంచి నీళ్ళు కారుతున్నాయి. ఇంటికప్పు పగిలిందేమోనని పక్కింటి ఎల్మర్ గారిని అటక ఎక్కించాను. ఆయన దిగొచ్చి, "కప్పుకేం కాలేదమ్మా. మీ ఆయన చలి ఆపే గాజు దూదిని చూరుదాకా కుక్కి గాలి కన్నాలన్నీ మూసేశాడు. ఇంట్లో తేమంతా పైకెక్కి, పోయే దారి లేక కప్పు మేకులకి మంచై పట్టింది. ఇప్పుడు కరుగుతోంది" అన్నారు.

అక్టోబర్లో అటక దిగి, "ఇక చీమ దూరే సందు కూడా లేదు" అన్నావు. నిజమే, గాలి కూడా దూరలేదు. అభినందనలు.

నేనొచ్చేలోపు చూరు పక్క దూదిని జానెడు వెనక్కి లాగు. ఎల్మర్ గారిచ్చిన థర్మాకోల్ రేకుల్ని వాసాల మధ్య బిగించు. కన్నాల్లోంచి వచ్చే గాలి దూదికీ కప్పుకీ మధ్య నుంచి పైదాకా పోవాలట. ముక్కుకి గుడ్డ కట్టుకో. దూలాల మీదే అడుగెయ్యి. సీలింగులోంచి నీళ్ళు పడుతున్నాయి, చాలు, నువ్వు కూడా పడక్కర్లేదు.

వీడియో చూసి నేర్చుకున్నానన్నావు. సగంలో ఆపేసి ఉంటావు, నా మాటలు విన్నట్టే.

ఫ్రిజ్‌లో హాట్‌డిష్ ఉంది, వేడి చేసుకుని తిను.

సిగ్నె

మర్చిపోయా. రాత్రిళ్ళు నా కాళ్ళు చల్లబడిపోతున్నాయనే నువ్వా పని పెట్టుకున్నావని ఎల్మర్ గారు చెప్పారు. నాతో ఒక్క మాట అనలేదేం? దూది మొత్తం పీకెయ్యకు. ఈ చలికాలం కాళ్ళు వెచ్చగానే ఉన్నాయి.