లాటిన్‌కీ సరళీ వరసలుంటాయి

అమ్మమ్మా,

నువ్వు పోయి రెండు వేసవులు గడిచాయి. అక్కడెలా ఉంది? ఇక్కడ మన ఊరు ట్రాయ్‌లో అందరం బాగానే ఉన్నాం... నా ఊసు ఎత్తనంతసేపు.

ముందు నా ఫిర్యాదు విను. నాకు నిలకడ లేదట. భరతనాట్యం మానేశాను, వయొలిన్ మానేశాను, కాలేజీలో రెండుసార్లు మేజర్ సబ్జెక్టు మార్చాను కాబట్టి ఈ లాటిన్ కూడా అంతేనట. అందులో డిగ్రీ చేతికొచ్చాక కూడా నాన్న దాన్ని 'ఫేజ్' అంటున్నాడు, నాలుగు రోజుల ముచ్చటన్నట్టు. మీ అమ్మాయి ఇంకా నయం, నేను లా స్కూల్ కోసమే లాటిన్ చదివానని ప్రతి పాట్‌లక్ విందులోనూ చెబుతోంది. లాయర్లకి లాటిన్ ఎందుకని ఎవరూ అడగరు. పులిహోర బాగుందంటారు, అంతే.

పోయిన ఏడాది నా పాత హైస్కూల్లోనే లాటిన్ చెప్పాను. మా టీచర్ రిటైరైతే తాత్కాలికంగా పిలిచారు. ఇప్పుడు పర్మనెంట్‌గా ఉండిపొమ్మంటున్నారు. చికాగోలో లా సీటూ వచ్చింది. శుక్రవారంలోగా రెండు చోట్లా జవాబు చెప్పాలి. ఇంట్లోవాళ్ళ దృష్టిలో మాత్రం ఒక్క చికాగోకే.

నీకు గుర్తుందా, హైస్కూల్ మొదటి ఏడు నా లాటిన్ వన్? పాఠాల్లో ఏడాది పొడుగునా రైతులూ నావికులే. రైతు ఒక అమ్మాయికి గులాబీ ఇస్తాడు. నావికుడు చూస్తాడు. అంతకు మించి ఏమీ జరగదు. నువ్వు బేస్‌మెంట్‌లో పిల్లలకి సంగీతం క్లాసు ముగించుకుని పైకొచ్చేసరికి నేను 'అమో, అమాస్, అమాత్' అని వల్లె వేస్తున్నాను. 'ప్రేమిస్తున్నాను, ప్రేమిస్తున్నావు' అన్నమాట. బీన్స్ తరిగే కత్తి పక్కన పెట్టి తొడ మీద తాళం మొదలుపెట్టావు. ఆ క్రియ ఆరు రూపాలూ రూపక తాళంలో చక్కగా కూర్చున్నాయి. "అర్థం తర్వాత చూద్దువుగాని, ముందు శ్రుతిలో చెప్పవే" అన్నావు. మర్నాడు క్లాసులో అలాగే అప్పజెప్పాను. టీచర్ ఏమనుకుందో ఇప్పటికీ తెలీదు.

లాటిన్ టూలో గులాబీలు అయిపోయాయి. అందరూ యుద్ధానికి వెళ్ళి కందకాలు తవ్వారు. వాక్యాలు పొడుగై, క్రియ చివరికి వెళ్ళిపోయింది. అది నీకు తెగ నచ్చింది. "మనలాగేనన్నమాట. చివరిదాకా వింటేగాని తెలీదు, వాడు కొట్టాడో కొట్టించుకున్నాడో!"

మూడో ఏడు నిజం రచయితలు వచ్చారు. తన యుద్ధాల గురించి తానే 'ఆయన గెలిచెను' అని రాసుకున్న సేనాపతి దగ్గర ఎంత నవ్వావు... "మన తెలుగు అసోసియేషన్ ప్రెసిడెంటే" అన్నావు. ఆ పైన 'వచ్చి ఉంటే, చేసి ఉంటే' వాక్యాలు. నేను వాటితో నెల రోజులు కుస్తీ పట్టాను. "ఇది మీ అమ్మకి పుట్టుకతోనే వచ్చు, దాన్నడుగు" అన్నావు. నిజమే. నేను మెడిసిన్ చదివి ఉంటే ఈపాటికి ఏమై ఉండేదాన్నో అమ్మ ఇప్పటికీ తడుముకోకుండా చెబుతుంది.

ఇక అసలు సంగతి. నీ శిష్యురాళ్ళలో ఒకమ్మాయి తల్లి, సుధ ఆంటీ, గుర్తుందిగా? వాళ్ళ చిన్నది శ్రీయ వచ్చే నెల హైస్కూల్లో చేరుతోంది. లాటిన్ వన్, టూ, త్రీ మూడూ ఈ సమ్మర్‌లో ఫోన్‌లోని యాప్‌తో అయిపోగొట్టిందట. లెక్కల్లో రెండు క్లాసులు ఎగిరింది కదా, లాటిన్‌లో మాత్రం ఎందుకాగాలట? నేను కాస్త మెరుగుపెడితే తిన్నగా లాటిన్ ఫోర్‌లో కూర్చుంటుందట. అమ్మ నన్నడక్కుండానే ఒప్పేసుకుంది.

అదే బేస్‌మెంట్‌లో కూర్చోబెట్టి రైతు వాక్యం చదివి అర్థం చెప్పమన్నాను. శ్రీయ చెబితే గులాబీ రైతుని తీసుకెళ్ళి అమ్మాయికి ఇచ్చేసింది.

లాటిన్ ఫోర్ అంటే ఏమిటో నీకు తెలుసు కదా అమ్మమ్మా. అంతా కవిత్వం. రోజుకి పది పంక్తులు నడిస్తే గొప్ప. ఆ కావ్యం మొదట్లోనే వెనకటి ట్రాయ్ నగరం తగలబడిపోతుందని చెబితే, కిటికీలోంచి మంచు చూస్తూ "ఈ చలికి ఇక్కడ ఏం అంటుకుంటుందే" అన్నావు. అప్పటికి సగం క్లాసు ఖాళీ. నేను గురువులూ లఘువులూ చూసుకుంటూ పైకి చదువుతుంటే కళ్ళు మూసుకుని వినేదానివి. నా లాటిన్ ఎందుకు పనికొస్తుందని అడగకుండా విన్నది నువ్వొక్కదానివే.

శ్రీయని లాటిన్ వన్‌కి దింపాను. తాళం వేసి ఆరు రూపాలూ చెప్పించాను. అది నవ్వుతూనే నేర్చుకుంది. వాళ్ళమ్మ నవ్వలేదు. రాత్రి ఎనిమిదింటికి అమ్మకి ఆవిడ ఫోను... పిల్లని వెనక్కి లాగానట, కాలేజీ అప్లికేషన్ ఏమైపోవాలట! రివ్యూ అని పేరు పెట్టి నాలుగులోకి ఎక్కించెయ్యి, పోయేదేముంది అని అమ్మ సలహా.

మూడు నెలల్లో స్టేజీ మీద కీర్తన పాడించమని వచ్చిన తల్లులకి నువ్వేం చెప్పేదానివి? "సరళీ వరసలు రాకుండా నేర్పితే మీ పిల్ల ఆ ఒక్క కీర్తనే పాడుతుందమ్మా. అదీ మీ ఇంటికొచ్చిన చుట్టాల ముందే." కొందరు మానేశారు. నువ్వు మాత్రం ఉన్నవాళ్ళతో మళ్ళీ స రి గ మ...

నేనూ కుదరదన్నాను. ఒక్క పిల్ల కోసం ఇంత పంతమేమిటంది అమ్మ. ఆ మాట మీద ఆలోచించాను. పోయిన ఏడాదంతా ఆ రైతూ, ఆ గులాబీ, రోజుకి మూడు క్లాసుల్లో. ఒక్కరోజు కూడా విసుగు రాలేదు. నాకు! ఒంట్లో బాగుందా అని నన్ను నేనే అనుమానించాను. చికాగో తలుచుకుంటే మాత్రం ఇప్పుడే కుర్చీలోంచి లేచిపోవాలనిపిస్తోంది. ఇంతకాలం నాకు నిలకడ లేదనుకున్నారు... ఎక్కడ నిలబెడుతున్నారో ఎవరైనా చూశారా?

లా స్కూల్‌కి రానని ఇందాకే రాసేశాను. ఆగస్టు నుంచి మా స్కూల్లోనే లాటిన్ చెబుతాను. అమ్మకీ నాన్నకీ రేపు భోజనాల దగ్గర చెబుతాను.

నీ మనవరాలు,
స్వాతి