సెల్ఫ్ మీద వేసిన నింద

సూర్యాపేట,
18 సెప్టెంబరు 1949.

తమ్ముడు ఐలన్నకు,

కాటయ్య అన్న మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం. నీ బాగోగులు అడిగానని రాయమని మీ వదిన రుక్కమ్మ మరీ మరీ చెప్పింది. ఇక్కడ అందరం క్షేమం అని రాసే చోటికి వచ్చేసరికి కలం ఆగిపోయింది. తింటున్నాం, పనికి పోతున్నాం. అంతవరకే అనుకో.

మిర్యాలగూడ నుంచి నువ్వు రాసిన ఉత్తరం అంది వారం దాటింది. మిల్లు షావుకారు కొత్త లారీ కొంటున్నాడనీ, ఆయిలింజను పని మాన్పించి నిన్నే దానికి డ్రైవరుగా పెడతానన్నాడనీ రాశావు. మీట నొక్కితే లేచే సెల్ఫ్ బండి కొనాలా, హ్యాండిల్ తిప్పే పాత రకమే మేలా అని ఆయన అడిగితే, నా పెళ్లాం అలివేలును పొట్టనబెట్టుకున్న సెల్ఫ్ ఉన్న బండి ఎక్కేదే లేదని తేల్చి చెప్పావట. అయినా అన్న ఏమంటాడో కనుక్కుంటానని గడువు అడిగావట. నాకంటే నీకే ఎక్కువ తెలుసు కదరా అని ఒక్క ముక్క రాసి తప్పించుకుందామనుకున్నాను. చేతకాలేదు.

హ్యాండిల్ నమ్మకమైనదని రాశావు. నీ చేతిలో ఉన్నంతకాలం అది నిజమే. నేను డ్రైవరుగా, నువ్వు క్లీనరుగా ఉన్న రోజుల్లో పొద్దున్నే మన పాత బస్సు ముందు నిలబడి, అరచేతుల్లో ఉమ్మేసుకుని, లే తల్లీ లే అంటూ ఒక్క తిప్పుడుకు లేపేవాడివి. అడ్డాలో మిగతావాళ్లు తిప్పి తిప్పి చెమటలు కక్కుతుంటే బీడీ వెలిగించి వాళ్లను చూసి నవ్వేవాడివి. ఆ నవ్వు చూస్తే నాకే నీకొకటి తగిలించాలనిపించేది. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బొగ్గు గ్యాసుతో నడిపినప్పుడు, పొయ్యి రాజేసి అరగంట గాలి కొట్టాక గాని నీ వంతు వచ్చేది కాదు. అప్పుడూ నువ్వే లేపావు.

కానీ హ్యాండిల్ ఎదురు తిరిగిందంటే మనిషిని చూడదు. నువ్వు మిల్లుకు వెళ్లిపోయాక ఆ పనీ నా మీదే పడింది. బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉంచాలి, చుట్టూ వేసి పట్టుకోవద్దని నువ్వు వందసార్లు చెప్పి ఉంటావు. ఒకరోజు పరధ్యానంలో చుట్టేసి పట్టుకున్నాను. గిర్రున వెనక్కి తిరిగి మణికట్టు విరిచింది. రెండు నెలలు కట్టుతో ఇంట్లో కూర్చున్నాను. ఇప్పటికీ ముసురు పట్టిందంటే ఆ చెయ్యి లాగుతుంది.

అందుకే మా బస్సు షావుకారు కిరాయికి తిప్పడానికి సెల్ఫ్ ఉన్న కొత్త కారు కొన్నప్పుడు నా అంత సంతోషించినవాడు లేడు. మొదటిసారి వేలితో నొక్కి ఇంజన్ లేపిన రోజు ఇంటికి వచ్చి మీ వదినకు చెబుతుంటే కళ్ల నీళ్లు వచ్చాయి. ఆ సెల్ఫ్‌కు బలమంతా బ్యాటరీ. బండి చాలా దూరం నడిస్తే గాని బ్యాటరీ మళ్లీ నిండదు. బండి నడపకుండా ఊరికే నొక్కుతూ పోతే కుండలో నీళ్లు తోడేసినట్టు ఖాళీ అవుతుంది. ఈ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసీ ఏం చేశానో ఇప్పుడు రాస్తాను.

ఆషాఢంలో ఆ రోజు జరిగింది నీకు ముక్కలు ముక్కలుగానే చెప్పాను. తొలి కాన్పుకు అలివేలు చిలుకూరులో తల్లిగారింట్లో ఉంది. నొప్పులొస్తే ఎడ్లబండి ఎక్కించకు అన్నా, నీ కొత్త కారులోనే తీసుకుపో అని నువ్వు ముందే రాశావు. కబురందగానే వెళ్లాను. బిడ్డ అడ్డం తిరిగింది, ఇగ నా చేతుల లేదు, పెద్ద దవాఖానకు కొంటవోండ్రి అని మంత్రసాని చెప్పేసింది. నీ అత్త నాంచారమ్మ లోపల మూట కట్టుకుంటోంది. బయట కారు చుట్టూ ఊరంతా మూగింది. ఒక ముసలాయన, చెయ్యి వెట్టకుంట ఇంజన్ ఎట్ల లేస్తది, జర సూపియ్యి బిడ్డా అన్నాడు. నొక్కి చూపించాను. ఆపాను. మా అవ్వ సూడలే, ఇంకొక్కపారి అన్నారెవరో. మళ్లీ నొక్కాను. అట్లా పదిహేను సార్లకు తక్కువ ఉండదు. లోపల అలివేలు మూలుగు వినిపిస్తూనే ఉంది. నేను బయట తమాషా చూపిస్తున్నాను.

జగ్గయ్యపేట దవాఖానకు బయలుదేరాం. కోదాడ దాటాక సుంకం వసూలు చేసే సరిహద్దు నాకా ఉంది కదా. అక్కడ ఇంజన్ ఆపి సామాను చూపించాలి. అలవాటు కొద్దీ ఆపేశాను. జవాను రాందాస్ లోపలికి తొంగిచూసి, అరే ఏం సూసేది లేదు, జల్ది పో అన్నాడు. మీట నొక్కాను. ఒక్కసారి మూలిగి ఊరుకుంది. రాందాస్ ఇంకో ముగ్గురిని పిలిచి తోయించాడు. వానకు రోడ్డు బురద. చక్రాలు జారాయే గాని ఇంజన్ తిరగలేదు. హ్యాండిల్ తియ్యి, నేను తిప్పుత అన్నాడు. కొత్త బండికి హ్యాండిల్ ఇయ్యలే అన్నాను. ఎడ్లబండి దొరకడానికి గంట పట్టింది. జగ్గయ్యపేట ఇంకా కనుచూపు మేరలోకి రాకముందే అలివేలు పోయింది. బిడ్డ లోకం చూడనే లేదు.

దినాల నాడు నువ్వు నా చెయ్యి పట్టుకుని, నువ్వేం జేస్తవన్నా, మిషను మోసం జేసింది అన్నావు. ఏడవాల్సిన నువ్వు నన్ను ఓదార్చావు. ఆ మాట పట్టుకునే ఈ రెండు నెలలు బతికాను. మిషను మోసం చేయలేదు ఐలన్నా. ఉన్న బలమంతా నేను చిలుకూరులో తోడేశాను.

కాబట్టి మీ షావుకారుతో సెల్ఫ్ బండే కొనమని చెప్పు. హ్యాండిల్ కూడా అడిగి తీసుకో. నన్ను క్షమించమని రాయను, అడిగే ముఖం లేదు. వేళకు తిను. వానల్లో తడవకు.

నీ మేలే కోరే,
కాటయ్య.

తా.క. ఉత్తరం మడిచి కవరులో పెట్టి మళ్లీ తీశాను. పైన అంతా ఒప్పుకున్నట్టే రాశాను గాని అసలుది దాచాను. కొత్త బండికి హ్యాండిల్ ఇచ్చారు. గోనెపట్టాలో చుట్టి వెనక సీటు కింద పెట్టింది నేనే. అలివేలు పడుకున్నది ఆ సీటు మీదే. రాందాస్ అడగగానే నా విరిగిన చెయ్యి గుర్తొచ్చి లేదనేశాను. తాను తిప్పుతానన్నాడని ఆ తర్వాత గాని బుర్రకెక్కలేదు. అప్పటికి నలుగురు విన్నారు. ఆడిన మాట మింగి, ఉంది అని చెప్పడానికి సిగ్గేసింది ఐలన్నా. గంటసేపు అట్లాగే నిలబడ్డాను. మధ్యలో అలివేలు కళ్లు తెరిచి, ఇంకేం ఉపాయం లేదా బావా అని అడిగింది. లేదమ్మా అన్నాను.