శుక్రవారం వాన

నంద్యాల వాతావరణం సారుకు, ఆళ్లగడ్డ పక్కపల్లె ముసలిదాని దండాలు.

నా చేనులో మీరు నిలబెట్టిన వాన కొలిచే మిషన్‌ను ప్రతి శుక్రవారం బిందెడు నీళ్లతో కడిగి బొట్టు పెట్టాను. ఆ నీళ్లే వానలెక్కగా క్లౌడులోకి పోయి అందరి ఫోన్లకూ వచ్చాయని నిన్న, మిషన్ చూసిపోను వచ్చే మీ ఆఫీసు పిల్ల హిమజ చెప్పింది. "వాన పడింది, నీళ్లు కట్టొద్దు" అన్న ఫోను మాట నమ్మి, పనికని పొరుగూర్లో ఉన్న పక్కచేను దస్తగిరి మిరపనారు ఎండగొట్టుకున్నాడు. సంగతి తెలియక ముందు నేనేమో "దొంగలెక్కలు చెప్తాండావే!" అని ఊరి ముందర హిమజనే తిట్టాను. తలెత్తుకోలేకున్నాను సారూ. ఆ వానలు చెరిపేయండి. ఆ పిల్లను ఏమీ అనొద్దు.

ఇది రాస్తున్నది దస్తగిరి కూతురు తస్నీమ్. వేరే రాసేవాళ్లు లేక కాదు, ఆ గడపలోనే ముందు చెప్పుకోవాలని వచ్చాను. 'మిరపనారు' అన్న కాడ కలం ఆపింది.

"రాయి తల్లీ" అన్నాను.