బాల్చీలో నాలుగు చేపలు

చిరంజీవి తమ్ముడు కియోహారుకి,

అక్క సెత్సుయో దీవెనలు. ఇక్కడ నాన్నా నేనూ క్షేమం. ఆ బైకాల్ మంచు మీద నువ్వూ క్షేమమని తలుస్తాను. నా కోపం కూడా క్షేమంగానే ఉంది, దానికి ఏ లోటూ రానివ్వడం లేదు.

నీ కార్డు అందింది. బైకాల్ ప్రపంచంలోకెల్లా లోతైన సరస్సని, మంచులోంచి అడుగు రాళ్లు కనిపిస్తాయని రాశావు. సంతోషం. అంతకుముందు టిటికాకాలో రెల్లు పేర్చి దాని మీదే కాపురాలుంటారని రాశావు. మృత సముద్రంలో మునుగుదామన్నా మునగలేమని ఒకసారి, కాస్పియన్ సరస్సే అయినా సముద్రమని పిలుస్తారని ఇంకోసారి. లోతులు కొలిచే ఉద్యోగం పేరు చెప్పి లోకంలో సరస్సులన్నీ చుట్టబెట్టావు. పద్దెనిమిదేళ్లలో పదిహేడు కార్డులు. నేనేమన్నా బడిపిల్లనట్రా, నీ దగ్గర భూగోళం పాఠం చెప్పించుకోవడానికి? బివా మహా సరస్సు పక్కన, నిలబడితే గడ్డం దాకా రాని మన పిల్ల సరస్సు గురించి ఒక్క ముక్క అడిగిన పాపాన పోలేదు. ఈసారి అడిగావు. నాలుగు ప్రశ్నలు, అంకెలు వేసి మరీ.

మొదటిది, నాన్న దగ్గు. ఎనభై రెండేళ్ల వాడికి దగ్గు తగ్గుతుందా? సిగరెట్లు మానమంటే, "మానేసి నేనేం చెయ్యాలే, నీ మొహం చూస్తూ కూర్చోనా?" అంటాడు.

రెండోది, రెల్లు. కోసే మగవాళ్లు లేరు. ఈ చలికాలం నేనూ ఇంకో ముగ్గురు ఆడవాళ్లమూ కోశాం. నా అరచేతులు చూస్తే నీ టిటికాకా వాళ్లు కూడా జాలిపడతారు.

మూడోది, బునా చేపలు వస్తున్నాయా అని. రావురా! ఎక్కడినుంచి వస్తాయి? వసంతంలో వాన కురిసిన మర్నాడు, గుడ్లతో నిండిన బునాలు రెల్లు మొదళ్లలో కొట్టుకునే చప్పుడుకి మనకు నిద్రపట్టేది కాదు. ఇప్పుడు వలలో పడేవన్నీ పెద్ద నోటి బాస్ చేపలే. మొన్న ఒకదాని పొట్ట కోస్తే పదకొండు బునా పిల్లలున్నాయి. పదకొండు! కత్తి విసిరికొట్టాను. అమ్మ చేపలు ఊరవేసే పీపా నాలుగేళ్లుగా బోర్లించి ఉంది. ఉప్పు వేసిన బునాను అన్నంలో కూరి, పైన రాళ్లెత్తి, కొత్త సంవత్సరానికి తీసేది కదా. ఆ వాసనకి ముక్కు మూసుకునేవాడివి, తినేటప్పుడు మాత్రం నా వాటా కూడా నీదే. చేపలు కొనుక్కొచ్చి వెయ్యవచ్చుగా అంటారు జనం. ఎక్కడి చేపో తెచ్చి వేస్తే అది అమ్మ పీపా ఎలా అవుతుంది?

ఇక కబురు. మార్చి పదిహేనున తూము తీసి సరస్సు మొత్తం ఎండగడుతున్నారు. ఊరంతా బురదలో దిగి చేపలన్నీ ఏరాలి. మిగిలిన బునాల్ని తొట్లలో దాచి, బాస్‌లను చంపెయ్యాలి. పోయిన ఆదివారం దాని కోసమే జాలర్ల సంఘంలో మీటింగు. ఇప్పుడు సంఘం పెద్ద ముకాయి. లేచి, గొంతు సవరించుకుని, "ఆ కియోహారు గాడు చేసిన పాపం మనం కడుక్కోవలసి వచ్చింది" అన్నాడు. అందరూ తలలూపారు. నాన్న నేల చూపులు చూశాడు.

అక్కడ నాకు ఒళ్లు మండింది. ముకాయి మీద కాదు.

నీ నాలుగో ప్రశ్న, "అక్కా, ఆ చేపల్ని ఏం చేశావు?"

ఇరవై మూడేళ్ల కిందట కొండ మీద సరస్సు దగ్గర సత్రంలో పనికి వెళ్లి, నాన్నకి చూపిద్దామని నాలుగు బాస్ చేపలు బాల్చీలో తెచ్చావు. రైలు దిగుతుంటే ఊరంతా చూసింది. దారిలో ఎవరో చెప్పారని, "చంపెయ్ అక్కా, ఇవి చిన్న చేపల్ని బతకనివ్వవట" అని నా చేతికిచ్చావు. చంపి తోటలో పాతేశానని సాయంత్రం నీతో చెప్పాను. అది అబద్ధం. మర్నాడు అమ్మ పోయిన నలభై తొమ్మిదో రోజు, కర్మ ముగిసే రోజు. కర్మ ముగియని ఇంట్లో ప్రాణం ఎలా తియ్యను? నీళ్లలో ఒక ప్రాణిని వదిలితే పోయినవాళ్లకి పుణ్యం. తెల్లవారకముందే అమ్మ పేరు చెప్పుకుని నాలుగింటినీ సరస్సులో వదిలాను. తోకలు ఆడించుకుంటూ పోతుంటే అమ్మ తేలిగ్గా వెళ్లిపోయిందనుకుని ఏడ్చాను కూడా.

ఐదేళ్లకు వలల్లో వాటి పిల్లలు పడ్డాయి. మన సరస్సుకి ఊట నీళ్లే గాని ఏ ఏరూ రాదు, ఒకరు తెస్తే తప్ప కొత్త చేప రాదు. అందరికీ నీ బాల్చీ గుర్తొచ్చింది. "మా అక్కకిచ్చాను, తను చంపేసింది" అన్నావు. సంఘం ముందు నాన్న అడిగాడు, "ఏమే, నిజమేనా?" నేను, "ఏ బాల్చీ? నేను చూడలేదు" అన్నాను. నువ్వు నా వైపు చూశావు. ఆ రాత్రే ఊరు వదిలావు.

ఎందుకు అరవలేదురా నువ్వు? చెంప మీద ఒక్కటి ఇవ్వలేకపోయావా? నేను చేసింది తప్పని తెలిసీ పదిహేడు కార్డులు రాశావు, ఒక్కదాంట్లో ఒక్క తిట్టు లేదు. మంచివాడివని పేరు తెచ్చుకుందామనా? ఒక్క తిట్టు పంపి ఉంటే ఏనాడో నోరు విప్పేదాన్ని. కాదులే, అదీ అబద్ధమే. విప్పేదాన్ని కాదు. భయస్తురాలిని.

ఆదివారం విప్పాను. "కియోహారు కాదు, నేనే వదిలాను. వాడు చంపమన్నాడు. నేను చంపలేదు" అన్నాను. ముకాయి, "ఇన్నేళ్లూ నోట్లో ఏం పెట్టుకున్నావమ్మా?" అన్నాడు. నాన్న మాత్రం ఇంటికొచ్చాక అన్నాడు, "మీ అమ్మ పేరు చెప్పి నా కొడుకుని నాకు లేకుండా చేశావు కదే." మూడు రోజులు నా చేతి అన్నం ముట్టలేదు.

ఇవాళ పొద్దున తిన్నాడు. తిని, గిన్నె పక్కన పెట్టి, బురదలో దిగే బూట్లు కొనాలి, వాడి కాలి కొలతెంత అని అడిగాడు. పద్దెనిమిదేళ్లలో నీ గురించి అడిగిన మొదటి మాట అది. నాకు గుర్తు లేదురా. ఎంత తలబద్దలు కొట్టుకున్నా గుర్తు రాలేదు. నీ నాలుగింటికీ జవాబు చెప్పాను. నా ఒక్క ప్రశ్నకి నువ్వు చెప్పు, పదిహేనో తారీకు లోపల.

ఇట్లు,
నీ తిట్ల కోసం కాచుకుని ఉన్న
అక్క సెత్సుయో